ఐలన్నకు కొర్రమట్ట పడని ఎండాకాలం

కొర్రమట్టను గాలంతో పట్టడంలో మా ఊళ్లో నా తర్వాత పేరు ఐలన్నదే. డెబ్బై నాలుగులో మంజీరలో ఆరు కిలోల వాలుగను ఒంటి చేత్తో ఒడ్డుకు లాగింది నేను. ఏడో తరగతి పరీక్షలో తాలూకా మొత్తానికి రెండో నంబరు వచ్చింది నేను. ఇస్నాపూర్ దగ్గర మిషన్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు ఫిట్టరుగా చేసి, ఫస్ట్ గ్రేడ్ అందుకుని, దండ వేయించుకుని బయటికొచ్చింది నేను. నా చేతితో వంచిన గాలపు ముళ్లు సదాశివపేట, జోగిపేట దాకా పోయాయి. ఇవన్నీ ఊళ్లో అందరికీ తెలిసినవే. తెలియని సంగతి ఒకటుంది. గాలం వేసి కూర్చోవడానికి కావలసిన ఓపిక నాకంటే ఐలన్నకే ఎక్కువ. వాడు బతికుండగా ఆ మాట వాడితో అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఐలన్న మా చిన్నాయన కొడుకు. నాకంటే పదకొండేళ్లు చిన్నవాడు. బడికి పోయింది మూడేళ్లే. సొంత భూమి లేదు కనుక మీసాలు రాకముందే పటేండ్ల పొలాల్లో కూలికి దిగాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట తక్కువ. కొర్రమట్ట గాలి పీల్చుకోవడానికి మధ్య మధ్యలో నీళ్ల మీదికి వచ్చిపోతుంది. ఆ లేచిన బుడగను చూసి ఐలన్న కింద ఉన్నది కొర్రమట్టో, మార్పు చేపో, ఎంత బరువుంటుందో చెప్పేవాడు. నేను చాలాసార్లు పరీక్ష పెట్టాను. పావు కిలో అటూ ఇటూ తప్ప తప్పలేదు.

చేపలు పట్టడమంటే వానాకాలంలో ఎవరైనా పడతారు. ఎండాకాలంలో పట్టాలి. నీళ్లు తూము దగ్గరి గుంటలోకి కుంగిపోతాయి. కొర్రమట్ట బురదలో తల పెట్టి పడుకుంటుంది. తెల్లవారుజామున ఓ గంట, పొద్దు గూకే వేళ ఓ అరగంట, అంతే దానికి ఆకలి. నీళ్లు తేటగా ఉంటాయి కనుక మోటు దారం వేస్తే కనిపెట్టి పక్కకు పోతుంది. సన్న దారం వేస్తే తుంగలోకి లాక్కుపోయి తెంపుకుంటుంది. ఏ దారం, ఏ ముల్లు, ఎంత సీసం అన్న లెక్క అప్పుడే అక్కరకొస్తుంది. ఆ లెక్కలో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఈ కథలో జరిగిన పొరపాటంతా ఆ నమ్మకంతోనే జరిగింది.

ఎనభై తొమ్మిది దసరా తర్వాత ఐలన్న మందుల కంపెనీలో చేరాడు. అప్పటికి మా దిక్కు పొలాలు షెడ్లకూ ప్లాట్లకూ అమ్ముడుపోతున్నాయి. కూలి దొరకడం లేదు. కంపెనీలో వాడి పని, మిషన్‌లోంచి వచ్చిన తడి పొడిని పారతో తీసి ట్రేలలో నింపి ఎండబెట్టే గదిలో పెట్టడం. చేతి తొడుగులు ఇచ్చేవాళ్లు. అవి రెండు రోజుల్లో చినిగేవి, తర్వాతి జత నెలకు వచ్చేది. చెరువు పాడైందేమోనని చదివేవాళ్లు అనుకోవచ్చు. లేదు. మా చెరువు కంపెనీలకు ఎగువన ఉంది. తొంభైలో నీళ్లు బాగానే ఉన్నాయి, చేపలూ బాగానే ఉన్నాయి.

ఆ తొంభైలోనే ఐలన్న భార్య ముత్యమ్మ నీళ్లోసుకుంది. పెళ్లై తొమ్మిదేళ్లు. అంతకు ముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి మూడో నెల దాటింది గానీ ఏది తిన్నా లోపల ఆగేది కాదు. గటక తాగితే కక్కేది, పెరుగన్నం తింటే కక్కేది. ఐలన్న అన్నం కలిపి ముద్ద పెట్టబోతే మొహం తిప్పుకుని బయటికి ఉరికేది.

"వేవిళ్లల్ల మొగని వాసన పడదు. నాకు గట్లనే అయింది" అని మా ఇంటామె అరుణమ్మ నవ్వింది. వాడకట్టు ఆడవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పటాన్‌చెరు ఆస్పత్రిలో నర్సమ్మ మాత్రం నవ్వలేదు. "రక్తం లేదు. బిడ్డ ఎదుగుతలేదు. ఏదో ఒకటి తిని ఆగబెట్టుకోకుంటే ఇది కూడా దక్కదు" అని చెప్పింది.

ఆ రోజు ఇంటికొచ్చాక ముత్యమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, "కొర్రమట్ట పులుసైతే తింటనేమో అనిపిస్తున్నది" అంది. నాలుగు నెలల్లో ఆమె నోటి నుంచి ఫలానాది తింటానన్న మాట రావడం అదే మొదలు. ఐలన్న ఆ సాయంత్రమే అంగట్లోంచి ఐసు పెట్టిన చేప కొనుక్కొచ్చాడు. వండి మూత తీయగానే ఆమె గిన్నె అవతలికి నెట్టేసింది. బతికున్న చేప కావాలి.

"నేను పట్టిస్త తియ్యి" అన్నాను.

"వద్దన్నా. నా పెండ్లానికి నేను పట్టుకొస్త. నువ్వు పట్టియ్యవడితివా, ఊరంత నన్నేమంటరు?" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. మా వంశంలో మగవాడికి ఉండాల్సిన రోషమే అది అనుకున్నాను.

వాడు వారం రోజులు తెల్లవారుజామున చెరువుకు పోయాడు. సెకండ్ షిఫ్టు కనుక పొద్దున ఖాళీ. పోయిన ఏడాది ఇదే గుంటలో ఇదే గాలంతో వారానికి రెండు మూడు పట్టినవాడు. ఈసారి ఒక్కటి పడలేదు. వానపాము ఎర్రను గుచ్చి వేస్తాడు, బెండు కదలకుండా నిలబడుతుంది. బుడగలు అక్కడే లేస్తుంటాయి. చేప దగ్గరికి వచ్చి మళ్లిపోతున్నది.

పది అడుగుల అవతల జంగయ్య గాలం వేసేవాడు. ముసలాయన, పాత నల్ల దారం, తుప్పు పట్టిన ముల్లు. ఆయనకు పడుతూనే ఉన్నాయి.

"ఏంరా ఐలిగా, చేపలకు సుత నీ పర్మినెంట్ లెటర్ సూపియ్యాల్నా ఏంది?" అన్నాడు జంగయ్య.

"ఇంకా రాలే కదా మామా లెటరు."

"అందుకేరా దగ్గరికి వస్తలేవు. టెంపరరోనికి పిల్లనిస్తరా ఎవరన్న?"

ఐలన్న నవ్వాడు గానీ ఆ రోజు డ్యూటీకి పోయే ముందు నా దగ్గరికి వచ్చాడు. గాలం ముందు పెట్టి, "జెర సూడన్నా, ఏడ తప్పు ఉన్నదో" అన్నాడు.

నేను చూశాను. తప్పు నాకు వెంటనే దొరికింది. తంగూసు దారం లావుగా ఉంది. "ఈ నీళ్లకు గింత మోటు దారమేందిరా? అద్దం లెక్క నీళ్లున్నయి. చేపకు కండ్లు లేవనుకున్నవా?" అని కోప్పడ్డాను. ఆదివారం బస్సెక్కి బేగంబజారు పోయి, నాలుగు దుకాణాలు తిరిగి, వెంట్రుక మందం దారం తెచ్చాను. వెలుతురుకు పట్టి చూస్తే తప్ప కనపడదు. ఆ దారాన్ని ఏరుకోగలిగినవాడు మా దిక్కున నేనొక్కడినే.

ఆ దారంతో నాలుగు రోజులు. పడలేదు.

"అయితే ముల్లే" అన్నాను. స్ప్రింగు తీగ తెచ్చి, ఎర్రగా కాల్చి, వంపు కాస్త వెడల్పు చేసి, నూనెలో ముంచి ఆరు ముళ్లు చేశాను. ఒక్కొక్కటి గోటి మీద పెట్టి గీస్తే జారకుండా పట్టుకునేంత పదును. ఎర్రకు బదులు మిడతను గుచ్చమన్నాను. తర్వాత చిన్న కప్పను కట్టమన్నాను. ఐలన్న నేను చెప్పినట్టే చేశాడు. కప్ప నీళ్ల మీద ఈదుతూ ఈదుతూ అలిసిపోయింది. దాని పక్కనే బుడగ లేచింది, పోయింది.

అప్పుడు నాకు మా ఫ్యాక్టరీలో బెంగాలీ వెల్డరు చెప్పిన పద్ధతి గుర్తొచ్చింది. ముల్లు మెడ మీదే సీసం పోసి, దానికి కోడి ఈక కట్టాలి. ఎర అక్కర్లేదు. అడుగుకు దించి, కట్టెను ఊపుతుంటే అది చిన్న చేప ఎగిరినట్టు ఎగురుతుంది. మట్టి అచ్చు చేసి, పాత బ్యాటరీ సీసం కరిగించి మూడు పోశాను. ఒకటి చిన్నది, ఒకటి నడిమిది, ఒకటి పెద్దది. అంత చక్కటి పనితనం ఆ బెంగాలీ వెల్డరు చూస్తే నన్నే గురువంటాడు. ఐలన్న రాత్రి డ్యూటీ దిగి వచ్చి, నిద్రపోకుండా కూర్చుని, ఎర్ర పుంజు ఈకలను తన చేతితోనే వాటికి కట్టాడు. ఒక్కో ఈకను నాలుకతో తడిపి, వేళ్లతో సన్నగా మెలిపెట్టి, ముడి మీద ముడి వేశాడు.

ఎగిరించాడు. చిన్నది, నడిమిది, పెద్దది. చెరువుకు చెవుల్లేనట్టు ఊరుకుంది.

"అన్నా, నాతోని కాదేమో" అన్నాడు ఆ రోజు. ముత్యమ్మ అప్పటికి గోడ పట్టుకుని లేస్తున్నది. నర్సమ్మ మళ్లీ చూసి, ఇంకో నెల ఇట్లాగే గడిస్తే తాను చెప్పేది ఏమీ లేదంది.

వైశాఖం చివర ఓ ఆదివారం నేనూ చెరువుకు పోయాను. ఐలన్న వేసి గంటన్నర అయింది. నాకు ఓపిక తప్పింది.

"ఇటు తే" అని గాలం వాడి చేతిలోంచి తీసుకున్నాను. వాడు కట్టిన ఈక ముల్లు కోసి పారేసి, నా పాత ముల్లు కట్టి, నా డబ్బాలోంచి ఎర్ర తీసి గుచ్చి వేశాను. బీడీ వెలిగించుకునేలోపల బెండు మునిగింది. కిలోకు తక్కువ కాని కొర్రమట్ట. ఇంకోసారి వేశాను. ఇంకోటి.

జంగయ్య లేచి నిలబడ్డాడు. "అదీ చెయ్యంటే! నేర్సుకోరా ఐలిగా, మీ అన్నను సూసి నేర్సుకో!"

నేను ఏమన్నానో రాయకపోతే అబద్ధమవుతుంది. "పనిల చెయ్యి తిరగాలెరా. ముల్లు మంచిదుంటే సరిపోదు" అన్నాను. వాడు తల వంచుకుని రెండు చేపలకూ తవుటు సంచి తెరిచి పట్టాడు. అయినా మొహంలో సంతోషమే ఉంది. ముత్యమ్మకు చేప దొరికింది కదా.

ఒకటి మా ఇంటికి, ఒకటి వాళ్లింటికి. వాళ్లది ఐలన్న తానే శుభ్రం చేశాడు. బండ మీద బూడిద వేసి, జిగురు పోయేదాకా రుద్ది, రుద్ది, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, పొయ్యి ముందు తానే కూర్చుని పులుసు పెట్టాడు. ముత్యమ్మను లేవనియ్యలేదు. నేను గడప బయట కూర్చుని, "నీ మొగడే పట్టిండమ్మా" అన్నాను. ఆమె నా వంక చూసి నవ్వింది.

"బావా, నువ్వు అబద్ధమాడుతవని నాకెన్నడు తెల్వదు."

ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగబోయి ఆగింది. తర్వాత గోడ పక్కకు పోయి, ఉన్నదంతా కక్కి, నేల మీదే కూలబడిపోయింది.

"ఏమాయె? పుల్లగైందా?" అన్నాడు ఐలన్న.

"కంపెనీ వాసన" అంది ముత్యమ్మ. "ఇందుల సుత అదే వాసన."

అరుణమ్మ అప్పుడే మా ఇంట్లోంచి గిన్నెతో వచ్చింది. అదే చెరువు, అదే పొద్దున, నా చేతికి పడిన రెండో చేప. శుభ్రం చేసింది అరుణమ్మ. "ఇది జెర వాసన సూడు" అని గిన్నె ముందు పెట్టింది. ముత్యమ్మ వాసన చూసింది. వేలు ముంచి నాకింది. ఆ తర్వాత మేము చూస్తుండగానే గిన్నె సగం తిన్నది. మేమందరం అక్కడే కూర్చున్నాం. గంట గడిచింది. ఆగింది.

ఐలన్న తన రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. నా వైపు చాచాడు. "అన్నా, వస్తున్నదా? నాకైతే ఏం వస్తలేదు."

నాకూ ఏమీ రాలేదు. ఇస్నాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా గాలంతా అదే అయినప్పుడు మా ముక్కులకు ఏం తెలుస్తుంది? ఇంటి గోడ దాటని మనిషికి తెలిసింది. నీళ్లలో ఉన్న చేపకు తెలిసింది. నేను నెలన్నర పాటు దారాలు ఏరాను, ముళ్లు వంచాను, సీసం పోశాను. వాటన్నిటినీ చివరికి ముట్టుకునేది ఆ చేతులేనన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. నా చేతులకు ఉండేది గ్రీజు. మట్టితో తోముకుంటే పోయేది. అందరిదీ అంతేననుకున్నాను.

ఐలన్న కుంకుడుకాయతో కడిగాడు. చింతపండుతో కడిగాడు. కిరసనాయిలుతో రుద్ది, బూడిదతో రుద్ది, తోలు లేచిపోయేలా ఇటుక ముక్కతో రుద్దాడు. ముత్యమ్మ పక్కకు పోయి నిలబడేవాడు. ఆమె కొంగు మెల్లగా ముక్కు దగ్గరికి పోయేది. అది చూసి వాడు బయటికి వచ్చేసేవాడు. చెమటలోనే వస్తున్నది, చేతుల మీద లేదు అని అరుణమ్మ చెప్పింది. పని మానేసి నెల రోజులుంటే పోతుందేమోనంది.

నెల లీవు అడగడానికి వాడితో నేనే పోయాను. ఫస్ట్ గ్రేడ్ ఫిట్టరునని, అన్ని కంపెనీల ఫిట్టర్లకూ నా పేరు తెలుసునని, నా మాటకు విలువ ఉంటుందని పోయాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. టైం ఆఫీసులో కూర్చున్నాయన తలెత్తకుండానే అన్నాడు.

"నెల రోజులు ఎందుకు?"

"ఆమెకు నా వాసన పడుతలేదు సార్" అన్నాడు ఐలన్న.

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. "అరే భయ్, మా ఇంట్ల సుత గదే లొల్లి" అన్నాడు ఒకడు. టైం ఆఫీసాయన కూడా నవ్వి, తర్వాత మర్యాదగానే చెప్పాడు. "జూన్ల పర్మినెంట్ లిస్టు తయారైతున్నది. ఇప్పుడు పోతే పేరుండది. నీ ఇష్టం." నా సర్టిఫికెట్ల సంగతి చెప్పబోయాను. "మీరెవరు?" అని అడిగాడు. అన్నను అన్నాను.

బయటికొచ్చాక ఐలన్న గేటు ముందు నిలబడ్డాడు. పొలం పని లేదు. కూలి లేదు. పుట్టబోయేదానికి ఏదో ఒక ఆధారం కావాలి. "డ్యూటీకి పోత అన్నా" అని మళ్లీ లోపలికే పోయాడు. నేను ఆపలేదు.

ముత్యమ్మను కొండాపూర్ దిక్కున్న తల్లిగారింటికి పంపారు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. లిస్టులో ఐలన్న పేరు వచ్చింది. కార్తీకంలో ఆడపిల్ల పుట్టింది, బక్కగా ఉన్నా దక్కింది. పన్నెండేళ్లు అదే గదిలో చేశాడు. కంపెనీ మూతపడ్డాక రెండేళ్లు ఖాళీగా ఉండి, గుండె ఆగి పోయాడు. తొంభై తర్వాత గాలం పట్టలేదు. కానీ వాడిని తలచుకుంటే నాకు కనపడేది ఒక్క ఆదివారమే.

మిరుగం కార్తెకు ముందు ఆదివారం. మా ఊరికి మొదటి లూనా కొన్నది నేనే. దాని మీద వాడిని వెనక కూర్చోబెట్టుకుని చీకటితోనే బయలుదేరి, తెల్లారేసరికి ముత్యమ్మ తల్లిగారి ఊరి కుంట దగ్గరికి చేరాం. నేను సంచిలోంచి దారాలన్నీ తీసి గట్టు మీద పరిచాను.

"ఏది ఎయ్యాలెరా?"

"ఏదైతేందన్నా. చేతికొచ్చింది ఎయ్యి."

వాడు నాకు దూరంగా కూర్చున్నాడు. చిటికెడు దుమ్ము తీసి వదిలి గాలి ఎటు పోతున్నదో చూశాడు. లేచి, ఇంకో పక్కకు పోయి కూర్చున్నాడు. ఎర్రల డబ్బా వైపు చూడలేదు. నీళ్ల వైపే చూస్తూ, "అన్నా, ఆ తుంగకు ఈవల, జానెడు. పెద్దది. కిలోన్నర పైనే" అన్నాడు. అక్కడే వేశాను. కాసేపటికి బెండు పక్కకు నడిచి మునిగింది. తుంగలోకి లాగింది. "ఇయ్యకు, ఇయ్యకు, కట్టె పైకి!" అని అరుస్తున్నాడు. లాగి గట్టు మీద పడేశాను. పడడంతోనే ముల్లు ఊడింది.

కొర్రమట్ట నేల మీద పాములా పాకుతుంది. అది నేరుగా ఐలన్న కాళ్ల ముందు నుంచి నీళ్ల వైపు పోతున్నది. వాడు వంగి మెడ పట్టుకుంటే చాలు. మా ఊళ్లో వాడి పట్టు నుంచి జారిన చేప లేదు. వాడు వంగబోయాడు. వంగబోయి, నిప్పు తొక్కినట్టు వెనక్కి ఎగిరి, రెండు చేతులూ పైకెత్తి నిలబడిపోయాడు.

"అన్నా, పట్టుకో! జల్దీ పట్టుకో! పోతున్నదన్నా!"

నా వయసుకు తగని పని, బోర్లా దాని మీద పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. చేప కడుపు కింద దొరికింది. తల తిప్పి చూస్తే వాడు చేతులు ఇంకా దించలేదు.

చేపను ముత్యమ్మే కడిగింది, ముత్యమ్మే వండింది. ఆమె తల్లి ఆగమ్మ నాకు గడప దగ్గర చాప వేసింది. ఐలన్న వీధి అవతల, గాలి ఇంటి మీదికి రాని దిక్కున, పశువుల కొట్టం గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఏందయ్యా, గంత దూరం కూసున్నవ్? సుట్టానివా?" అంది ముత్యమ్మ లోపలి నుంచి.

"ఈడ నీడ మంచిగున్నది" అన్నాడు. అక్కడ నీడ లేదు.

ఆమె తిన్నది. ఇంకో గంటె పోయమని తల్లిని అడిగింది. ఐలన్న వీధి అవతలి నుంచి నన్ను అడిగాడు.

"ఆగిందా అన్నా?"

"ఇప్పుడే తిన్నది కదరా. ఆగు."

కొంచెం సేపటికి మళ్లీ అడిగాడు. ఆగిందన్నాను. రెండు గంటలకు షిఫ్టు. ఆగమ్మ కట్టిచ్చిన సద్ది తీసుకుని, నన్ను ఇంకాసేపు ఉండి చూడమని, తాను బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు. సందు మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, మాట వినపడదని తల ఎగరేసి అడిగాడు. నేను చెయ్యెత్తి చూపించాను, ఆగిందని. వాడు తల ఊపి పోయాడు.